మీకు తెలుసా? బాగే ఆమ్‌కు వచ్చినవీ, వెళ్లిపోయినవీ

హైదరాబాద్‌లో నాంపల్లి స్టేషన్‌కూ అసెంబ్లీకీ మధ్య ఉన్న పచ్చటి ఆవరణను మనం పబ్లిక్ గార్డెన్స్ అంటాం. నగరంలో పాతకాపులు ఇప్పటికీ బాగే ఆమ్ అనే అంటారు. కొందరి నోట అది నలిగి బాగాం కూడా అయింది. పేరు ఏదైనా మనలో చాలామంది దీన్ని చూసింది బస్సు కిటికీలోంచో, మెట్రో రైల్లోంచోనే. ‘పార్కే కదా, ఏముంటుంది’ అనుకుని లక్డీకాపూల్ దాటేస్తాం.

పార్కుగా చూస్తే నిజంగానే ఇందులో మరీ అబ్బురపడాల్సిందేమీ లేదు. పెద్ద చెట్లు, కలువల కొలను, పొద్దున్నే చేతులు ఊపుకుంటూ నడిచే పెద్దమనుషులు. కానీ నగరంలో పేరుమోసినవి కొన్ని ఇక్కడే మొదలై, చోటు చాలక బయటికి వెళ్లిపోయాయి. ఎక్కడెక్కడి నుంచో వచ్చినవి కొన్ని మళ్లీ కదల్లేదు. నారుమడి లాంటి తోట అన్నమాట. ఏవి వెళ్లాయో, ఏవి ఉండిపోయాయో చూద్దాం రండి.

నెహ్రూ జూ పార్కు కన్నా ముందు జూ ఇక్కడే

బహదూర్‌పురాలో మీర్ ఆలం చెరువు పక్కన ఉన్న నెహ్రూ జూలాజికల్ పార్కు 1963 అక్టోబరు 6న జనానికి తెరుచుకుంది. అంతకుముందు హైదరాబాద్ పిల్లలు జంతువుల్ని చూడాలంటే బాగే ఆమ్‌కే వచ్చేవాళ్లు. కొత్త జూ సిద్ధం కాగానే ఇక్కడి జంతువుల్ని అక్కడికి తరలించారు.

అలా వెళ్లిన వాటిలో ఒక గాలపగోస్ తాబేలు ఉంది. 1963లో తోట గేటు దాటిన ఆ జీవి, కొత్త జూలో ఇంకో అరవై ఏళ్లు బతికి, 2024 మార్చిలో కన్నుమూసింది. అప్పటికి దాని వయసు సుమారు 125 ఏళ్లని జూ వాళ్లు ప్రకటించారు. లెక్క వేసి చూడండి. ఆ తాబేలు పుట్టేనాటికి ఆరో నిజాం గద్దె మీద ఉన్నాడు. మూసీకి 1908 వరదలు రాలేదు, ఉస్మానియా విశ్వవిద్యాలయం లేదు, నాంపల్లిలో రైల్వే స్టేషన్ కూడా లేదు. నిజాం రాజ్యం, హైదరాబాద్ రాష్ట్రం, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, ఇలా నాలుగు ప్రభుత్వాల ఏలుబడి చూసింది. మనుషుల్లో అంత అనుభవం ఉన్నవాళ్లు ఎవరైనా ఉండి ఉంటే ఈపాటికి ఆత్మకథ మూడు సంపుటాలు వచ్చేది.

నుమాయిష్ మొదటి చిరునామా

జనవరి 1 వస్తే చాలు, హైదరాబాదీలు ‘నుమాయిష్‌కు ఎప్పుడు పోదాం’ అని అడుగుతారు. మొజంజాహి మార్కెట్ దగ్గరి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో ఫిబ్రవరి 15 దాకా సాగే ఆ సంత పుట్టింది ఈ తోటలోనే. సంవత్సరం 1938. ఉస్మానియా పట్టభద్రుల సంఘం వాళ్లు సంస్థానంలో ఆర్థిక సర్వే చేద్దామనుకున్నారు. చేతిలో డబ్బు లేదు. స్థానికంగా తయారయ్యే వస్తువులతో ఒక ప్రదర్శన పెడితే సర్వే ఖర్చు వెళ్లిపోతుందని ఎవరికో తట్టింది. దానికి ‘నుమాయిష్ మస్నువాతే ముల్కీ’ అని పేరు పెట్టారు. ముల్కీ, అంటే స్థానిక, సరుకుల ప్రదర్శన అని భావం. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ప్రారంభించాడు. ఓ యాభై అంగళ్లు, పది రోజుల ముచ్చట. చేతిలో పెట్టుబడి రెండున్నర రూపాయలేనని ఎగ్జిబిషన్ సొసైటీ వాళ్లు ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటారు.

ఏటేటా జనం పెరిగారు, తోట ఇరుకైంది. 1946లో నుమాయిష్ ఇప్పుడున్న చోటికి మారింది. మరుసటి రెండేళ్లు జరగనే లేదు, అప్పటి హైదరాబాద్ పరిస్థితి అలాంటిది. 1949లో మళ్లీ మొదలైంది. ఇప్పుడు అంగళ్లు వేలల్లో ఉంటాయి. కశ్మీరు శాలువాల వాళ్ల నుంచి లక్నో చికన్ పనివాళ్ల దాకా ముల్కీలు కానివాళ్లే ఎక్కువ. ఆ రాబడితోనే సొసైటీ కాలేజీలు నడుపుతుంది, పక్కనే ఉన్న సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయ వాటిలో ఒకటి. మనం అక్కడ మిర్చి బజ్జీకి పెట్టే డబ్బులో కొంత ఏ అమ్మాయి చదువుకో పోతుందన్నమాట.

పుట్టినరోజు కానుక అసెంబ్లీ అయింది

తెల్లటి గుమ్మటాలతో కనిపించే పాత అసెంబ్లీ భవనాన్ని చూసి ఏ నిజామో కట్టించిన మహల్ అనుకుంటాం. నిజానికి అది జనం చందాలు వేసుకుని కట్టించింది. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ నలభయ్యో పుట్టినరోజు జ్ఞాపకంగా 1905లో పునాది వేశారు. అందుకే అప్పటి పేరు మహబూబియా టౌన్ హాల్. పాము కరిస్తే ఆయన పేరు తలుచుకుంటే విషం దిగుతుందని నమ్మిన ప్రజలు మరి. చందాలకు వెనకాడతారా? పాపం, ఆయన మాత్రం తన పేరిటి హాలు పూర్తికావడం చూడలేదు. 1911లో పోయాడు. భవనం 1913లో పూర్తయింది.

1952లో సార్వత్రిక ఎన్నికలు జరిగి హైదరాబాద్ రాష్ట్రానికి శాసనసభ ఏర్పడినప్పుడు 175 మంది సభ్యులకు చోటు కావాల్సి వచ్చింది. టౌన్ హాలే సభ అయింది. 1956 తర్వాత ఆంధ్రప్రదేశ్ శాసనసభ కూడా ఇక్కడే. సభ్యుల సంఖ్య 294కు పెరగడంతో పాత హాలు సరిపోక, పక్కనే 1980ల్లో కొత్త భవనం కట్టారు. కొత్తదాన్ని పాతదాని పోలికలోనే కట్టడం వాళ్లు చేసిన మంచిపని.

ఇక 2014 జూన్ తర్వాత వచ్చింది అసలు విచిత్రం. ఒకే ఆవరణలో రెండు రాష్ట్రాల శాసనసభలు! ఒకప్పుడు ఒకే వరసలో కూర్చున్న ఎమ్మెల్యేలు వేర్వేరు సభల్లోకి వెళ్లేవాళ్లు. 2017 మార్చిలో వెలగపూడిలో సమావేశాలు మొదలయ్యేదాకా ఈ ఏర్పాటు నడిచింది. ఆ విధంగా ఆంధ్రప్రదేశ్ శాసనసభ కూడా ఇక్కడి నుంచి వెళ్లిపోయినవాటి జాబితాలో చేరింది.

రెండణాల బిళ్ల మీద జూబ్లీ హాల్

ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కింది 1911లో. పాతికేళ్ల పండుగ 1936లో జరగాలి. కానీ ఆ ఏడాది జనవరిలో ఇంగ్లండు రాజు ఐదో జార్జి చనిపోవడంతో వేడుకల్ని వాయిదా వేసి, 1937 ఫిబ్రవరిలో జరిపారు. తోటలో ఉన్న జూబ్లీ హాల్ పేరు ఆ రజతోత్సవం నుంచి వచ్చిందే. అదే నెల 22న అమెరికా పత్రిక ‘టైమ్’ ముఖచిత్రంగా నిజాం బొమ్మ వేసి, ప్రపంచంలోకెల్లా ధనికుడని రాసింది.

అప్పుడు సంస్థానం సొంత తపాలా నడిపేది. రజతోత్సవానికి నాలుగు ప్రత్యేక స్టాంపులు తెచ్చారు. వాటి మీద రాజుగారి ముఖం లేదు! యునానీ దవాఖానా, ఉస్మానియా దవాఖానా, ఉస్మానియా విశ్వవిద్యాలయం, నాలుగోదైన రెండణాల బిళ్ల మీద ఈ జూబ్లీ హాల్. రెండు ఆసుపత్రులు, ఒక విద్యాలయం, ఒక సభామందిరం. పాలకుడు తన గురించి జనం ఏమనుకోవాలని కోరుకున్నాడో ఆ నాలుగు కాగితం ముక్కలే చెబుతాయి. సేకరణ సరదా ఉన్నవాళ్ల దగ్గర ఇప్పటికీ దొరుకుతాయి, వెతికితే మరీ ఖరీదేం కాదు.

ఆ వేడుకలో నిజాం కూర్చున్న బంగారు పూత సింహాసనం చూడాలంటే మాత్రం పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంకు వెళ్లాలి. వచ్చిన కానుకలు కూడా అక్కడే ఉన్నాయి. సింహాసనం ఒక చోట, దాని హాలు ఒక చోట.

తోటలోనే షాహీ మసీదు ఉంది. 1920ల నాటిది. ఏడో నిజాం జుమ్మా నమాజుకు ఇక్కడికి వచ్చేవాడు. ఇప్పటికీ శుక్రవారం మధ్యాహ్నం ఈ దారుల్లో రద్దీ ఎక్కువ.

వెయ్యి పౌండ్ల రాజకుమారి

ఇక వచ్చి ఉండిపోయినవాటి సంగతి. తోటలో గుమ్మటాల మ్యూజియం కోసం అడగండి, ఎవరైనా చూపిస్తారు. నిజాం ప్రభుత్వం 1914లో పురావస్తు శాఖ పెట్టింది. దానికి మొదటి అధిపతి గులాం యజ్దానీ. 1930లో హైదరాబాద్ మ్యూజియం తెరిచారు. అదే తర్వాత స్టేట్ మ్యూజియం అయింది, వై.ఎస్. రాజశేఖరరెడ్డి మరణం తర్వాత ఆయన పేరు పెట్టారు. బళ్ల నుంచి పిల్లల్ని తీసుకొచ్చే మాస్టార్లకు మాత్రం ఒకటే పేరు తెలుసు: ‘మమ్మీ ఉన్న మ్యూజియం’.

అవును, ఈజిప్టు మమ్మీ. తెలుగు రాష్ట్రాల్లో ఇంకెక్కడా లేదు. దేశం మొత్తం మీద కూడా కోల్‌కతా, జైపూర్ లాంటి కొద్ది నగరాల మ్యూజియాల్లోనే ఉన్నాయి. పేరు నైషు అంటారు. ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ 1920 ప్రాంతంలో దీన్ని వెయ్యి పౌండ్లకు కొన్నాడని చెబుతారు. తెచ్చి ఏడో నిజాంకు కానుక ఇచ్చాడు. ఆయన దాన్ని ఇంట్లో పెట్టుకోకుండా మ్యూజియానికి ఇచ్చేశాడు. తెలివైన పని. ఇంటికొచ్చిన చుట్టం మమ్మీ అయితే ఏ మూల కూర్చోబెడతాం?

‘ఆరో ఫారో కూతురు’ అని ఇక్కడ తరచూ వినిపించే మాటను నేనైతే అంత గట్టిగా నమ్మను. ఈజిప్టును ముప్ఫై వంశాల రాజులు ఏలారు, వాళ్ల తర్వాత గ్రీకు టాలెమీలు వచ్చారు. ఆరో ఫారో అంటే ఏ వంశంలో ఆరోవాడు? ఈ మమ్మీ రెండు వేల ఏళ్లు దాటినదన్న దాంట్లో పేచీ లేదు. రాజకుమారి కాకపోయినా, ఇంత శ్రద్ధగా శవాన్ని భద్రం చేశారంటే కలిగిన ఇంటి బిడ్డే అయి ఉండాలి. ఎందుకంటే అది పేదలకు అందే పని కాదు. శరీరాన్ని నేట్రాన్ అనే ఉప్పులో వారాల తరబడి ఆరబెట్టాలి. పేగులు, కాలేయం, ఊపిరితిత్తులు బయటికి తీయాలి, గుండెను మాత్రం వదిలేయాలి. మెదడును ముక్కు రంధ్రం గుండా లాగేవాళ్లు. ఆపైన గజాల కొద్దీ నార బట్ట చుట్టాలి. మొత్తం తతంగం సుమారు డెబ్బై రోజులు.

ఈజిప్టు ఎడారి పొడి గాలిలో వేల ఏళ్లు చెక్కుచెదరని శరీరానికి హైదరాబాద్ వానాకాలం పడలేదు. బట్ట చివికిపోవడం మొదలైంది. 2016లో దాన్ని స్కానింగ్ చేయించి, లోపల ఎముకలు ఎలా ఉన్నాయో చూసి, మరమ్మతు చేశారు. ఇప్పుడది గాలి చొరబడని గాజు పెట్టెలో ఉంది. లోపల ఆక్సిజన్ ఉండదు, దాని చోట నైట్రోజన్ నింపారు. ఆక్సిజన్ లేకపోతే పురుగూ బూజూ బతకవు. చిప్స్ ప్యాకెట్ ఉబ్బుగా ఉండటానికి నింపేది కూడా ఈ గాలినే అని చెబితే పిల్లల ముఖాల్లో కనిపించే వెలుగు చూడాలి.

లండన్‌లో కాలిపోయినవి, ఇక్కడ మిగిలినవి

మమ్మీ దగ్గర గుమిగూడినవాళ్లలో పదోవంతు మంది కూడా అజంతా గది ముందు ఆగరు. నాకు ఇది ఎప్పుడూ అన్యాయంగానే తోస్తుంది.

అజంతా గుహలు ఇప్పుడు మహారాష్ట్రలో ఉన్నాయి గానీ, అప్పట్లో అవి నిజాం రాజ్యంలో భాగం. ఆ గోడల మీది బొమ్మల్ని కాన్వాసు మీదికి ఎత్తుకోవడానికి బ్రిటిష్ వాళ్లు రెండుసార్లు ప్రయత్నించారు. రాబర్ట్ గిల్ అనే సైనికాధికారి ఏళ్ల తరబడి గుహల దగ్గరే కాపురముండి వేసిన పెద్ద పెద్ద చిత్రాల్ని లండన్‌కు పంపితే, 1866లో క్రిస్టల్ ప్యాలెస్ అగ్నిప్రమాదంలో దాదాపు అన్నీ పోయాయి. ఆ తర్వాత బొంబాయి ఆర్ట్ స్కూలు నుంచి జాన్ గ్రిఫిత్స్ తన శిష్యులతో వచ్చి మళ్లీ వేశాడు. వాటిలో చాలా భాగం 1885లో సౌత్ కెన్సింగ్టన్‌లో కాలిపోయాయి. ఒకే రకం గండం రెండుసార్లు!

మూడో ప్రయత్నంలో హైదరాబాద్ వాళ్లు ఉన్నారు. 1909–11 మధ్య లేడీ హెరింగ్‌హామ్ వచ్చినప్పుడు ఆమె వెంట కలకత్తా నుంచి నందలాల్ బోస్ వంటి యువ చిత్రకారులు వచ్చారు. హైదరాబాద్ నుంచి సయ్యద్ అహ్మద్, ఫజ్లుద్దీన్ వెళ్లారు. సయ్యద్ అహ్మద్‌కు గుహలంటే ఎంత ఇష్టమైందంటే, తర్వాత నిజాం ప్రభుత్వం ఆయన్నే అజంతా క్యూరేటర్‌గా పెట్టింది. ఆయన వేసిన నకళ్లు ఈ మ్యూజియంలో ఉన్నాయి.

వాటి విలువ ఇంకో రకంగా కూడా పెరిగింది. యజ్దానీ చొరవతో నిజాం 1920లో ఇటలీ నుంచి చెచ్చోనీ అనే నిపుణుణ్ణీ, ఒక సహాయకుణ్ణీ రప్పించాడు. రాలిపోతున్న రంగు పెచ్చుల్ని వాళ్లు గోడకు అంటించి నిలబెట్టారు. ఆ మేలు మరిచిపోలేం. కానీ పైన పూసిన లక్క వార్నిష్ కాలం గడిచేకొద్దీ పసుపు తిరిగింది. దాన్ని తీయడానికి ఆ తర్వాత మన పురావస్తు శాఖ దశాబ్దాలు కష్టపడింది. గోడ మీద పసుపు పొర చేరకముందు రంగులు ఎలా ఉండేవో ఊహించుకోవాలంటే ఆ కాలపు నకళ్లే దిక్కు. యజ్దానీ నాలుగు భాగాలుగా తెచ్చిన ‘అజంతా’ గ్రంథం 1930లో మొదలై 1955కు గానీ పూర్తికాలేదు. 1959లో ఆయనకు పద్మభూషణ్ వచ్చింది. హైదరాబాద్‌లో ఆయన పేరు తెలిసినవాళ్లు ఎంతమంది ఉంటారో నాకు అనుమానమే.

కోట మట్టితో నల్లబడే లోహం

బిద్రీ గది చిన్నదే గానీ కాసేపు నిలబడి చూడాల్సినది. నల్లటి కూజా మీద వెండి తీగలు, పూలు. ఆ నలుపు రంగు పూసింది కాదు. బిద్రీ పాత్రను ఎక్కువ పాళ్లు జింకు, కాస్త రాగి కలిపి పోత పోస్తారు. అప్పుడది బూడిద రంగులో ఉంటుంది. మైలుతుత్తం నీళ్లు రాస్తే తాత్కాలికంగా నల్లబడుతుంది. అలా చేస్తే గీత కనిపిస్తుంది కాబట్టి, ఆ నలుపు మీద పనివాడు చేతితోనే డిజైను గీసి, ఉలితో సన్నగా చెక్కుతాడు. చెక్కిన గాడిలో వెండి తీగను పెట్టి సుత్తితో మెల్లగా కొట్టి ఇరికిస్తాడు. జిగురు లేదు, అతుకు లేదు. ఆకురాయి పట్టాక మళ్లీ అంతా తెల్లగా, వెండి ఎక్కడో లోహం ఎక్కడో తెలియకుండా పోతుంది.

అప్పుడు వస్తుంది బీదరు కోట మట్టి. ఎండా వానా సోకని పాత గోడల అడుగు నుంచి తీసిన మట్టి. పనివాళ్లు దాన్ని నాలుక మీద వేసుకుని రుచి చూసి మరీ ఎంచుకుంటారు. ఆ మట్టిని నవాసాగరంతో నీళ్లలో కలిపి కాచి, పాత్రను ముంచితే జింకు నల్లగా మారుతుంది, వెండికి ఏమీ కాదు. నూనె రాసి తుడిస్తే బిద్రీ తయారు. బీదరు 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోని ఊరే, అందుకే నగరంలో పాత ఇళ్లలో ఒక బిద్రీ పాన్‌దాన్ అయినా ఉండేది. ఇప్పుడది కర్ణాటకలో ఉంది.

నీళ్లలో మునిగిన ఊరు

మ్యూజియం ఆవరణలో ఏలేశ్వరం నుంచి తెచ్చిన వాటిని పెట్టిన మంటపం ఒకటి ఉంది. కృష్ణ ఒడ్డున నాగార్జునకొండకు ఎదురుగా, నల్లగొండ జిల్లా వైపు ఉండేది ఏలేశ్వరం. 1955లో నాగార్జునసాగర్‌కు నెహ్రూ శంకుస్థాపన చేశాక రెండు ఒడ్డుల్లోనూ తవ్వకాలు హడావుడిగా సాగాయి. నాగార్జునకొండ పనిని కేంద్ర పురావస్తు శాఖ చేపట్టింది. ఏలేశ్వరాన్ని హైదరాబాద్ శాఖ తరఫున అబ్దుల్ వహీద్ ఖాన్ తవ్వించాడు. బృహత్ శిలాయుగపు సమాధుల నుంచి ఇక్ష్వాకుల కట్టడాల దాకా పొరలు పొరలుగా బయటపడ్డాయి. 1967లో కాలువలకు నీళ్లు వదిలేనాటికి అసలు ఊరు జలాశయం కింద ఉంది. నాగార్జునకొండ మ్యూజియానికి లాంచీ మీద వెళ్లినవాళ్లు చాలామందే. ఎదుటి ఒడ్డు వస్తువులు నాంపల్లిలో ఉన్నాయని తెలిసినవాళ్లు తక్కువ.

నాణేల మీద ఆసక్తి ఉంటే ఇంకో మాట. శాతవాహనుల చరిత్రను కరీంనగర్ నేల కొంత తిరగరాసింది. కోటిలింగాల దగ్గర శిముకుడి నాణేలు, అంతకన్నా ముందటి గోబద, నారన, సమగోప అనే పాలకుల నాణేలు దొరికాయి. పెదబంకూరులో శాఖ జరిపిన తవ్వకాల్లో నాణేలు వేల సంఖ్యలో బయటపడ్డాయి. గోదావరి లోయ నుంచి వచ్చిన ఆ చిల్లరే ఇప్పుడు మన చరిత్ర పాఠాల్లో పెద్ద నోటు.

పిల్లల కోసం, తెలుగు కోసం

జవహర్ బాలభవన్, హెల్త్ మ్యూజియం, లలితకళా తోరణం ఆరుబయలు రంగస్థలం కూడా ఈ తోటలోవే. వేసవి సెలవుల్లో బాలభవన్‌లో చేరి తబలా దరువో, కూచిపూడి అడుగో నేర్చుకున్న హైదరాబాద్ పిల్లలు రెండు తరాల వాళ్లు ఉన్నారు. పక్కనే తెలుగు విశ్వవిద్యాలయం. 1985 డిసెంబరు 2న మొదలైంది, తర్వాత దానికి పొట్టి శ్రీరాములు పేరు పెట్టారు. తెలంగాణ ప్రభుత్వం 2025లో దానికి సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టింది. దానికీ ఇక్కడ ఇరుకైంది, బాచుపల్లిలో పెద్ద ప్రాంగణం వచ్చింది.

వెళ్లేవాళ్లకు నాలుగు మాటలు

తోటలోకి ఎవరైనా వెళ్లొచ్చు, మ్యూజియానికి టికెట్ కొనాలి. శుక్రవారం మ్యూజియం సెలవు. ఇది తెలియక దూరప్రాంతాల నుంచి వచ్చి తలుపు చూసి వెనక్కి వెళ్లేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. మెట్రోలో వస్తే అసెంబ్లీ స్టేషన్‌లో గానీ, నాంపల్లిలో గానీ దిగొచ్చు. శాసనసభ సమావేశాలు నడిచే రోజుల్లో పోలీసులు ఎక్కువ, దారులు తక్కువ. సెప్టెంబరు 17 చుట్టుపక్కల కూడా అంతే. 1948లో హైదరాబాద్ భారత్‌లో కలిసిన ఆ రోజున రాష్ట్ర ప్రభుత్వ వేడుక ఈ మధ్య ఇక్కడే జరుగుతోంది. దానికి ఒక్కో ప్రభుత్వం ఒక్కో పేరు పెడుతుంది, ఆ గొడవలోకి నేను పోను.

బయటికి వచ్చాక అసెంబ్లీ ఎదుట రోడ్డు దాటి గన్‌పార్కులో కూడా ఆగండి. 1969 తెలంగాణ ఉద్యమంలో ప్రాణాలు పోయినవాళ్ల కోసం కట్టిన అమరవీరుల స్తూపం అక్కడ ఉంది. ఎక్కా యాదగిరిరావు చెక్కింది. 1970లో శంకుస్థాపన జరిగితే 1975కు పూర్తయింది. దూరం నుంచి నమస్కారం పెట్టి ఫొటో దిగి వచ్చేయకుండా దగ్గరికి వెళ్లి చూడండి. అడుగున నల్లరాతి పీఠం నాలుగు వైపులా తూటా దెబ్బల్లాంటి గుంటలు ఉంటాయి. ఒక్కో వైపు తొమ్మిది. స్తంభం మీది గీతలు తొమ్మిది, పైన విచ్చుకున్న పువ్వుకు రేకులు తొమ్మిది. ‘తెలంగాణ వచ్చినప్పుడు పది జిల్లాలు కదా, తొమ్మిదేమిటి’ అని మీ పిల్లలు అడిగితే జవాబు ఇదీ: 1969లో ఉన్నవి తొమ్మిదే. హైదరాబాద్ జిల్లా నుంచి రంగారెడ్డి విడిపోయి పదోది అయింది 1978లో. ఇప్పుడున్న 33 జిల్లాల పేర్లు వాళ్లను తిరిగి అడగొచ్చు, ఇంటికి వెళ్లేదాకా సరిపోతుంది.